వెనక కాలు ఈడ్చే కాడెద్దు

కొట్టంలోంచి బయటికి తోలగానే కాడెద్దు ఒక వెనక కాలిని వెనక్కి చాచి, మడవలేక, గిట్ట కొసను నేలకు రాస్తూ ఈడుస్తుంది. కొన్ని అడుగులు పడ్డాక ఆ కాలు ఒక్క కుదుపుతో పైకి లేచి మామూలు నడకలో పడుతుంది. కాసేపటికి మళ్లీ బిగుస్తుంది. మోకాటి చిప్ప పైకి జరిగి అక్కడే ఇరుక్కోవడం వల్ల వచ్చే కుంటు ఇది. ఎద్దులు, ఆవులు, గేదెల్లో తరచుగా కనిపిస్తుంది, గుర్రాలకూ వస్తుంది. జ్వరం ఉండదు, వాపు ఉండదు, పశువు మేత మానదు. అందువల్లే ఎద్దు మొండికేసిందని చెర్నాకోల అందుకునేవారు, నరం పట్టిందని తుంటి మీద వాతలు పెట్టేవారు, ఇక పనికిరాదని సంతకు తోలేవారు ఉన్నారు. సరిగా గుర్తిస్తే ఒక చిన్న కోతతో ఇలాంటి ఎద్దుల్లో చాలావాటిని తిరిగి కాడికి కట్టవచ్చు.

తెలంగాణలో వైరా నది ఒడ్డున ఉన్న మధిర ప్రాంతంలో దుక్కి పని చాలావరకు ట్రాక్టర్లదే అయింది. అయినా పత్తి, మిరప సాళ్ల మధ్య గుంటక తోలడానికి, బండి కట్టడానికి ఎద్దుల జతను సాకే రైతులు ఉన్నారు. భద్రాచలం వైపు అడవి అంచు పల్లెల్లో చిన్న కమతాలకు అరకే ఆధారం. జతలో ఒకటి కుంటితే రెండోదీ ఖాళీగా నిలబడుతుంది. అదును దాటిపోతుంది.

ఈ కుంటు ఎలా వస్తుందో తెలియాలంటే ముందు మోకాలు ఎక్కడుందో చూడాలి. పశువు వెనక కాలిలో నడిమికి వెనక్కి వంగి కనిపించే కీలు మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు దానికి పైన, తొడ ముందు భాగంలో, పొట్ట పక్క మడత దగ్గర ఉంటుంది. తొడ ఎముక కింది కొసన రెండు గట్లు, వాటి మధ్య గాడి ఉంటాయి. గిలక గాడిలో చేంతాడు నడిచినట్టు మోకాటి చిప్ప ఆ గాడిలో పైకీ కిందికీ కదులుతుంది. చిప్పను కింది ఎముకకు కట్టి ఉంచేవి మూడు గట్టి బంధాలు: లోపలిది, నడిమిది, బయటిది. లోపలి గట్టు పెద్దది. కాలు అతిగా వెనక్కి చాచినప్పుడు చిప్ప పైకి లేచి, లోపలి బంధం ఆ పెద్ద గట్టు మీదికి ఎక్కి చిక్కుకుంటుంది. అక్కడి నుంచి కిందికి జారకపోతే మోకాలు వంగదు, దానితోపాటు మడమా వంగదు. కాలు కర్రలా బిగుసుకుపోతుంది.

గుర్రంలో ఇదే అమరిక ఒక సౌకర్యం. గుర్రం నిలబడే కునుకు తీయగలగడానికి కారణాల్లో ఇదొకటి. చిప్పను గట్టు మీదికి తెచ్చి కాలిని బిగించుకుంటుంది, నడవాలనుకున్నప్పుడు వదులు చేసుకుంటుంది. తొడ కండలు బలహీనపడిన గుర్రంలో చిప్ప తేలిగ్గా కిందికి రాదు. అప్పుడు నడుము కూడా దెబ్బతింటుంది. వెనక కాళ్లు సరిగా తోయలేని గుర్రం నడుమును బిగబట్టి నడుస్తుంది, పైన రౌతు బరువు ఉండనే ఉంది. అందుకే నడుము నొప్పి ఉన్న గుర్రానికి వెనక కాళ్లనూ పరీక్షించాలి. ఎద్దు వీపున బరువు మోయదు, కాడిని మెడతో లాగుతుంది. దాని వెన్ను వంగి కనిపిస్తే నడుము నొప్పి ఒక్కటే అనుకోకూడదు. మేతతోపాటు మింగిన తీగ ముక్క కడుపులో గుచ్చుకున్నా పశువు అలాగే వెన్ను వంచి నిలబడుతుంది.

దుక్కిలో అడుగు జారి కాలు బాగా వెనక్కి సాగడం, దిగబడే బురదలో బలవంతంగా లాగడం, నున్నటి బండల మీద జారడం ఈ కుంటుకు దారి తీస్తాయి. చాలీచాలని మేతతో చిక్కిపోయిన పశువులో తొడ కండలు కరిగి చిప్పకు పట్టు తగ్గుతుంది. వెనక కాళ్లు మరీ నిటారుగా ఉన్న పశువులకు పుట్టుకతోనే ఈ ప్రమాదం ఎక్కువ. ఒక కాలితో మొదలై రెండో కాలికీ రావచ్చు.

వెనక కాలి కుంటులన్నీ చిప్ప వల్ల వచ్చేవి కావు. పరీక్ష గిట్ట నుంచి మొదలుపెట్టాలి, ఎందుకంటే పశువుల కుంటులో ఎక్కువ భాగం అక్కడే పుడుతుంది. గిట్ట కడిగి, చీలిక మధ్య తుమ్మముల్లు, మేకు, రాయి ఉన్నాయేమో చూడాలి. చీలికలో పుండ్లు, నోట్లో పొక్కులు, చొంగ, జ్వరం కలిసి ఉంటే అది గాలికుంటు. దూడలు, పడుచు పశువుల్లో తొడ లేదా జబ్బ హఠాత్తుగా వాచి, నొక్కితే లోపల గాలి చిటపటలాడినట్టుంటే జబ్బవాపు. అందులో గంటలు కూడా విలువైనవే. జ్వరంతో బిగుసుకుపోయి, కుంటు ఒక కాలి నుంచి మరో కాలికి మారుతుంటే మూడు రోజుల జ్వరాన్ని అనుమానించాలి. జారిపడిన వెంటనే కాలు మోపలేకపోతే తుంటి కీలు తప్పి ఉండవచ్చు, ఎముక విరిగి ఉండవచ్చు. పిరుదుల్లో సూది వేసిన తరువాత కాలు చచ్చుబడితే నరానికి దెబ్బ తగిలిందేమో చూడాలి. ముదురు ఎద్దుల్లో మడమ కీలు లోపలి వైపు ఎముక పెరిగీ కుంటు వస్తుంది.

చిప్ప కుంటు ఆనవాళ్లు వీటికి భిన్నం. రాత్రంతా కట్టేసి ఉన్నాక పొద్దున మొదటి అడుగుల్లోనే అది బాగా బయటపడుతుంది. అందుకే వైద్యుడు ఎద్దును విశ్రాంతి తరువాత నడిపించి చూస్తాడు. బిగిసిన కాలిని ఎద్దు పక్కకు తిప్పుతూ వేస్తుంది. గిట్ట ముందు కొస అరిగి చదునవుతుంది, పాతబడితే అక్కడ రక్తం కారుతుంది. కాలు బిగిసి ఉన్నప్పుడు మోకాలి లోపలి వైపు వేలితో తడిమితే బంధం బిగించిన తాడులా తగులుతుంది. కాలి బిగువు విడగానే అది వదులవుతుంది.

గుర్రానికైతే ముందు తొడ కండలు పెంచే నడక, మంచి మేత, గిట్టల సవరణతో ప్రయత్నించి, కోతను చివరికి ఉంచుతారు. కోత తరువాత తొందరపడి పరుగు తీయిస్తే చిప్ప ఎముక దెబ్బతినే ప్రమాదం ఉంది. ఎద్దులు, గేదెల్లో మాత్రం అలవాటుగా మారిన చిప్ప కుంటుకు లోపలి బంధాన్ని కోయడమే స్థిరపడిన చికిత్స. ఎద్దును మెత్తటి చోట, జబ్బు కాలు కిందికి వచ్చేలా పడుకోబెడతారు. మిగతా మూడు కాళ్లూ కలిపి కట్టి, ఈ కాలిని తాడుతో వెనక్కి లాగి పట్టుకుంటారు. బొచ్చు గొరిగి, శుభ్రం చేసి, లిగ్నోకైన్ మత్తు సూది వేస్తారు. మోకాలి కింద ఎముక ఉబ్బుకు దగ్గరగా, నడిమి బంధానికీ లోపలి బంధానికీ మధ్య ఉన్న పల్లంలో చర్మం మీద చిన్న గాటు పెడతారు. సన్నటి కత్తిని లోపలి బంధం కిందికి పోనిచ్చి, పదును దాని వైపు తిప్పి కోస్తారు. బంధం తెగగానే వేలి కింద బిగువు పోయి ఖాళీ తెలుస్తుంది. కట్లు విప్పి లేపితే చాలా ఎద్దులు అప్పుడే కాలు మడిచి నడుస్తాయి. అనుభవం ఉన్న చేతికి ఇది కొద్ది నిమిషాల పని. కత్తి లోతుగా పోతే కీలు పొర తెగి చీము పట్టవచ్చు, పొరపాటున నడిమి బంధం తెగితే కాలే చెడుతుంది. కాబట్టి దీన్ని పశువైద్యుడే చేయాలి, నాటు చేతులకు అప్పగించకూడదు.

కోత తరువాత యాంటీబయాటిక్, ధనుర్వాతం రాకుండా టీకా, నొప్పి తగ్గించే మందు అవసరమవుతాయి. నొప్పి మందు ఎంపికలోనూ జాగ్రత్త ఉండాలి. డైక్లోఫెనాక్ వాడిన పశువు చనిపోతే ఆ కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చస్తాయి. అందుకే పశువులకు ఆ మందును 2006లో దేశంలో నిషేధించారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లనూ నిషేధించారు. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ అందుబాటులో ఉంది. గాటు మానేదాకా కొట్టం పొడిగా ఉంచాలి, ఈగలు వాలకుండా మందు రాయాలి. కొన్ని వారాలు బరువు పని పెట్టకుండా, రోజూ మెల్లగా నడిపించాలి.

వాత ఈ జబ్బుకు ఏ విధంగానూ పనికిరాదు. కాలిన చర్మం పుండు పడుతుంది, లోపలి బంధం మాత్రం ఎప్పటిలాగే గట్టు మీద చిక్కుకుని ఉంటుంది. కుంటుతున్న ఎద్దును కాడికి కట్టడం కూడా తప్పే. పనికి తగని స్థితిలో ఉన్న పశువుతో పని చేయించడం జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం, 1960 ప్రకారం నేరం.

నివారణ రైతు చేతిలోనే ఉంది. కొట్టంలో నున్నటి గచ్చుకు బదులు గరుకు నేల ఉండాలి. పని లేని నెలల్లో ఎద్దును కట్టిపడేయకుండా రోజూ తిప్పితే తొడ కండలు నిలుస్తాయి. వేసవిలో వట్టి గడ్డితో సరిపెట్టకుండా పచ్చిమేత, తవుడు, చెక్క, ఖనిజ లవణ మిశ్రమం ఇస్తే తొలకరి నాటికి ఒంట్లో సత్తువ ఉంటుంది. విశ్రాంతి తరువాత ఎద్దును ఒక్కసారిగా బరువు దుక్కికి దింపకూడదు. కాలు ఈడ్వడం కనిపించిన వారంలోనే పశువుల ఆసుపత్రిలో చూపించాలి, కదలలేని పశువు కోసం 1962 నంబరుకు ఫోన్ చేసి సంచార వైద్యశాలను పిలవాలి. చిక్కు కేసులకు వరంగల్ మామునూరు, హైదరాబాద్ రాజేంద్రనగర్, రాష్ట్ర సరిహద్దు దాటితే గన్నవరం పశువైద్య కళాశాలలు ఉన్నాయి. గిట్ట కొస అరిగి పుండు పడకముందే వైద్యం అందిన ఎద్దు త్వరగా కోలుకుంటుంది, ఖర్చూ తక్కువవుతుంది.