చక్రాల మీది ఇల్లు: టైరు ఎంపిక, బీమా క్లెయిము

అమెరికాలో స్థిరపడిన మన పిల్లల్లో కొందరు సెలవుల్లో ట్రావెల్ ట్రైలరుతో ప్రయాణిస్తుంటారు. వంటగది, పడకలు, నీటి తొట్టి గల ఈ చిన్న ఇంటిని ట్రక్కు వెనుక తగిలించి లాక్కువెళ్తారు. లోపలి సౌకర్యాలను శ్రద్ధగా పరిశీలించేవారు సైతం, కుటుంబ భారాన్ని మోసే టైర్లను తరచూ విస్మరిస్తారు. అందుకే ఈ నాలుగు మాటలు వారికి చేరాలని మేము కోరుతున్నాము.

ట్రైలరు కొరకు ప్రత్యేకంగా తయారైన టైరుపై 'ఎస్‌టీ' అనే అక్షరాలుంటాయి. ఒకే కొలత గల టైర్లన్నీ ఒకే బరువును మోయవు. ఎస్‌టీ 225/75ఆర్15 టైరునే చూడండి: 'సి' శ్రేణి 50 పీఎస్ఐ గాలితో 2,150 పౌండ్లు, 'డి' శ్రేణి 65తో 2,540, 'ఇ' శ్రేణి 80తో 2,830 పౌండ్లు మోస్తుంది. చవక అన్న కారణంతో తక్కువ శ్రేణి టైరు వేయించరాదు. ఎక్కువ శ్రేణిది వేయిస్తే, ఆ గాలి ఒత్తిడికి రిమ్ము తట్టుకోగలదో లేదో విచారించాలి. సామాను, నీళ్లు నింపిన తరువాత ట్రైలరును తూకం వేయించడం మరువరాదు.

టైరు వయస్సు 'డాట్' సంకేతం చివరి నాలుగంకెల్లో తెలుస్తుంది. 3522 అంటే 2022వ సంవత్సరం, 35వ వారం. ట్రైలరు నెలల తరబడి కదలక నిలిచి ఉన్నా, పైగాట్లు అరగకపోయినా, రబ్బరు మాత్రం పాతబడుతూనే ఉంటుంది. గాలిని ప్రయాణానికి ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. గాలి తగ్గిన టైరు వేడెక్కి పేలిపోతుంది.

పేలిన టైరు చీలికలు చక్రంతో పాటు తిరుగుతూ మడ్‌గార్డును, అడుగు రేకును, విద్యుత్ తీగలను, ఒక్కోసారి గ్యాసు గొట్టాన్ని కూడా దెబ్బతీయగలవు. కనుక రహదారికి దూరంగా ఆగి, ముందుగా గ్యాసు సిలిండర్లను కట్టివేయాలి. రెండు ఇరుసుల ట్రైలరైతే అదే వైపున ఉన్న రెండవ టైరును కూడా పరీక్షించాలి. అదనపు భారం దానిపైనే పడి ఉంటుంది.

ఇక క్లెయిము. అరిగిన, పాతబడిన టైరు ఖరీదును బీమా పాలసీలు సాధారణంగా చెల్లించవు. అది పేలడం వల్ల ట్రైలరుకు కలిగిన నష్టం సంగతి వేరు. పాలసీని బట్టి దానికి పరిహారం లభించవచ్చు. వెంటనే ఫొటోలు తీసి కంపెనీకి తెలపాలి. పేలిన టైరును పారవేయరాదు. వాన నీరు లోపలికి రాకుండా తాత్కాలికంగా కప్పి, ఆ రసీదులు భద్రపరచాలి. పూర్తి మరమ్మతు మాత్రం తనిఖీ తరువాతే చేయించాలి. మరమ్మతు 1,800 డాలర్లై, పాలసీ ప్రకారం మొదటి 500 మనమే భరించవలసి ఉంటే, చేతికి వచ్చేది 1,300.

ఆ 500 రాబట్టుకునేందుకు పాత సొట్టలను కూడా కొత్త లెక్కలో చేర్చమని సలహా ఇచ్చేవారుంటారు. క్లెయిము పత్రంపై మన సంతకం ఒక సాక్ష్యం. పాత సొట్టను పాతదనే రాయాలి. 500 డాలర్లు మళ్లీ సంపాదించుకోవచ్చు. అబద్ధపు సాక్ష్యాన్ని వెనక్కు తీసుకోవడం అంత సులభం కాదు.