మీకు తెలుసా? పార్శ్వపు నొప్పికి ఫోన్‌లోనూ చికిత్స ఉంది

సూరత్‌లోని లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో తెలంగాణ నుంచి వెళ్లి స్థిరపడిన నేత కుటుంబాలు చాలానే ఉన్నాయి. సాంచాల (మరమగ్గాల) మీద 12 గంటల షిఫ్టు, కొన్నాళ్లు పగలు, కొన్నాళ్లు రాత్రి. మైగ్రేన్ అనే ఈ పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్లకు ఇది గడ్డు జీవితం. నిద్ర వేళ మారినా, తిండి తప్పినా, చెవులు హోరెత్తినా తలనొప్పి లేస్తుంది. మందుల షాపులో మాత్ర కొని వేసుకుని మళ్లీ పనికి వెళ్తారు. నెలలో 10 రోజులకు మించి కొన్ని రకాల నొప్పి మాత్రలు వాడుతూపోతే వాటివల్లే తలనొప్పి ముదురుతుందని వాళ్లకు ఎవరైనా గట్టిగా చెప్పాలి.

మందులతో పాటు చేసే సాధన ఒకటుంది. పిడికిలి 5 సెకన్లు బిగించి, ఒక్కసారిగా వదిలేసి, ఆ సడలింపును కాసేపు గమనించాలి. తర్వాత మోచేతులు, భుజాలు, దవడ. గంటల తరబడి సాంచా ముందు నిలబడ్డ మనిషి భుజాలు తనకు తెలియకుండానే బిగుసుకుని ఉంటాయి. వాటిని వదలడం నేర్చుకోవాల్సిన పనే.

న్యూయార్క్‌లో డాక్టర్ మియా మినెన్ బృందం ఈ సాధనను తలనొప్పి డైరీతో కలిపి ఒక యాప్‌లో పెట్టి, 51 మందికి ఇచ్చింది. వారానికి రెండుసార్లయినా చేసినవాళ్లకు నెలలో సగటున 4 తలనొప్పి రోజులు తగ్గాయని 2019లో ప్రకటించింది. అధ్యయనం చిన్నది, పోల్చి చూడటానికి మరో బృందమూ లేదు. కానీ మన దేశంలోనే ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2020లో మరో సాధన అయిన యోగాకు ఇంకాస్త గట్టి ఆధారం చూపారు. మందులకు యోగా తోడైన వాళ్లకు నెలకు 9 దాకా వచ్చే తలనొప్పులు 3 నెలల్లో 5 లోపుకు తగ్గాయి. అందులో చివరి 2 నెలల సాధన ఇంట్లో చేసుకున్నదే.

సూరత్ నగరపాలిక తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. కండరాలు బిగించి వదిలే ఈ సాధన పాఠాన్ని తెలుగు గొంతుతో రికార్డు చేయించి కార్మికుల ఫోన్లకు పంపడం అంతకంటే కష్టమేమీ కాదు. ఎవరో ఒకరు పూనుకోవాలి.

ఈలోగా డైరీ మొదలుపెట్టవచ్చు. నొప్పి వచ్చిన తేదీ, ముందురోజు ఎన్ని గంటలు పడుకున్నారు, ఏ పూట తినలేదు, ఏ మాత్ర వేసుకున్నారు అన్నవి రాస్తే చాలు. ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ ఈ-సంజీవనిలో డాక్టరుతో ఉచితంగా మాట్లాడేటప్పుడు అది పక్కనుంటే సగం ప్రశ్నలకు జవాబు దొరికినట్టే. అయితే మునుపెన్నడూ లేనంత నొప్పి హఠాత్తుగా వచ్చినా, మాట తడబడినా, కాలో చెయ్యో పట్టు తప్పినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి.