లక్క వదిలిన చోట సిలికోన్

పాతబస్తీలో, చార్మినార్ పక్కనున్న లాడ్ బజార్‌లో లక్కను సెగకు మెత్తబరిచి, సాగదీసి, గుండ్రంగా చుట్టి, దాని మీద రాళ్లూ అద్దపు ముక్కలూ ఒక్కొక్కటే అద్దుతారు. చల్లారితే రాయి కదలదు. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాద్ లక్క గాజుల పని ఇది. మోదుగ, రేగు చెట్ల మీద బతికే చిన్న పురుగు స్రవించే ఆ బంకకు ఇంకో జీవితమూ ఉంది. విద్యుత్ యంత్రాల తొలి రోజుల్లో తీగచుట్టలకు రక్షణగా పూసింది దాన్నే. గిరాకీకి సరిపడా లక్క దొరక్క, బదులు వెతుకుతూ లియో బేక్‌లాండ్ 1907లో బేకలైట్‌ను చేరుకున్నాడు. అది వేడికి కరగదు. పెళుసుతనం మాత్రం పోలేదు.

సెన్సార్‌ను మూసి ఉంచే పెట్టెకు గాజు కిటికీని అతికించే జిగురులోనూ అదే సమస్య: పెట్టెను చెడగొట్టేది ఆ పెళుసుతనమే. 100 మి.మీ. పొడవున అల్యూమినియం చట్రం, అందులో అంతే పొడవు గాజు కిటికీ ఉన్నాయనుకోండి. 40 డిగ్రీలు వేడెక్కితే అల్యూమినియం సుమారు 0.09 మి.మీ., గాజు 0.04 మి.మీ. పెరుగుతాయి. ఆ తేడానంతా రోజూ మోయాల్సింది మధ్యనున్న పల్చటి జిగురు. గట్టి ఎపాక్సీ అయితే అంచున పగులు పుడుతుంది, అందులోంచి తేమ చొరబడుతుంది.

సిలికోన్ సాగుతుంది. సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు ఒకదాని తర్వాత ఒకటిగా కూర్చుకున్న దాని గొలుసు సులువుగా మెలి తిరుగుతుంది, దాదాపు 200 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. 1943లో ఏర్పడిన సిలికోన్ కంపెనీ డౌ కార్నింగ్ తొలి సరుకు కూడా, యుద్ధ విమానాల ఇంజన్లలో నిప్పురవ్వ పుట్టించే భాగాలకు తేమ తగలకుండా పూసే సిలికోన్ ముద్దే.

అలాగని ఏ ట్యూబైనా పనికిరాదు. ఆరేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే రకం ఎసిటిక్ ఆమ్లాన్ని వదిలి రాగి తీగలను తినేస్తుంది. సర్క్యూట్ల దగ్గర ఆమ్లం వదలని రకమే వాడాలి. పెట్రోలు, టోలుయీన్ తగిలితే మామూలు సిలికోన్ ఉబ్బిపోతుంది. పెట్రోలుంటే ఫ్లోరోసిలికోన్ గానీ, ఇంధన ట్యాంకుల అతుకులకు వాడే పాలీసల్ఫైడ్ గానీ చూడాలి. లక్కదీ ఇదే కథ. నీటికి లొంగదు, స్పిరిట్‌లో, క్షారంలో కరుగుతుంది. కాబట్టి ఎంత గట్టిగా అంటుతుందన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. ఆ పెట్టెను ఏ ద్రవం, ఎంత వేడిలో, ఎన్నాళ్లు తాకుతుందన్నది మొదటిది.

సిలికోన్ నీటిని ఆపుతుంది గానీ నీటి ఆవిరిని కొంత లోపలికి పోనిస్తుంది. అందుకే పెట్టెలో సిలికా జెల్ సంచి ఉంచడం మంచిది. జిగురును పెట్టెకు వాడే ముందు దాని చిన్న ముక్కను ఆరబెట్టి, తూచి, అసలు ద్రవంలోనే కొన్ని వారాలు నానబెట్టి మళ్లీ తూచాలి. బరువు పెరిగితే ద్రవాన్ని పీల్చిందని, తగ్గితే అందులోని పదార్థం కరిగి బయటికి పోయిందని అర్థం.