కెమెరా పట్టే చేతికి ఇజాజత్ నేర్పుదాం

వేసవి సెలవులు రాగానే మా బిచ్కుంద ప్రాంతపు పిల్లల చూపు మంజీర వైపు మళ్లుతుంది. నలుగురైదుగురు మిత్రులు కలసి తెల్లవారుజామునే నిజాంసాగర్ కట్టకో, జుక్కల్ మండలంలోని కౌలాస్ కోటకో బయలుదేరతారు. అందరి జేబుల్లోనూ సెల్‌ఫోన్లు, వాటిలో కెమెరాలు! పట్నాల్లో ఫోటోగ్రఫీ క్లబ్బుల వారు చేసే విహారాలనే మన పిల్లలు పేరేమీ పెట్టుకోకుండా చేస్తున్నారు. దీన్ని పనిలేని పనిగా కొట్టిపారేయడం గానీ, హద్దు లేకుండా వదిలేయడం గానీ తగదని మా అభిప్రాయం.

తస్వీర్ తీయవచ్చునా అన్న ప్రశ్న మన ఇళ్లలో ముందుగా వస్తుంది. ఉలమాల మధ్య ఇందులో భిన్నాభిప్రాయాలున్నాయి. ప్రాణుల చిత్రాలపై హదీసుల్లో ఉన్న హెచ్చరిక ఫోటోకు కూడా వర్తిస్తుందని మన దేశపు ఉలమాలు పలువురు అన్నారు, తప్పనిసరి అవసరాలకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. కెమెరా కొత్త రూపాన్ని కల్పించదు, ఉన్న నీడనే పట్టి నిలుపుతుందన్న వాదనతో ఈజిప్టు ముఫ్తీ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ ఇరవయ్యవ శతాబ్దం తొలినాళ్లలో దానిని అనుమతించారు. అయితే నది, కొండ, చెట్టు, కట్టడం తీయడానికి ఈ అభ్యంతరం వర్తించదు. అలాంటి వాటికి మన ప్రాంతంలో కొదవ లేదు.

నిజాంసాగర్‌నే చూడండి. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఆధ్వర్యంలో 1923, 1931 సంవత్సరాల మధ్య దీనిని నిర్మించారు. ఇందుకోసం 40 గ్రామాలను ఖాళీ చేయించారు. ఆ గ్రామాల వీధులు, బావులు, ఖబరస్తాన్లు ఎలా ఉండేవో కళ్లారా చూసి చెప్పగలవారు ఇప్పుడు ఎందరున్నారు? ఈనాడు మన కళ్లెదుటే పాత పెంకుటిళ్లు కూలుతున్నాయి, మసీదుల గోడల మీది ఉర్దూ ఫలకాలు సున్నం పూతల కింద మాసిపోతున్నాయి. పిల్లలు వాటిని ఫోటో తీసి, వెనుక ఊరి పేరు, తేదీ రాసి భద్రపరిస్తే అది రేపటి తరానికి చరిత్ర అవుతుంది. ఉదయపు ఏటవాలు ఎండలో చెక్కిన అక్షరాలు నీడలతో స్పష్టంగా కనిపిస్తాయి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఆ స్పష్టత ఉండదు, పైగా వడదెబ్బ భయం.

ఇక మనుషుల ఫోటోల సంగతి. ఇందులో మనకు దారి చూపినవారు మన హైదరాబాద్ సంస్థానంలోనే ఉన్నారు. మీరట్ దగ్గరి సర్ధనాలో 1844లో పుట్టిన లాలా దీన్ దయాళ్ ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్. నిజాం ఆయనకు ముసవ్విర్ జంగ్ అనే బిరుదునిచ్చారు. పర్దా పాటించే స్త్రీల కోసం 1892లో ఆయన ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. దాని బాధ్యత ఒక ఆంగ్ల మహిళ చేతిలో ఉండేది, మగవారికి ప్రవేశం లేదు. నిజాం దర్బారులో అంతటి పలుకుబడి గల వ్యక్తి కూడా కెమెరా ఉంది కదా అని ఎవరి గడపా దాటలేదు. నమ్మకం కుదిరాకే స్త్రీలు వచ్చారు.

ఈనాడు జరుగుతున్నదేమిటి? షాదీఖానాలో ఎవరో తీసిన ఆడపిల్ల ఫోటో సాయంత్రానికి ఊరంతా తిరుగుతోంది. ఏటి ఒడ్డున బట్టలుతికే స్త్రీని, మసీదు మెట్ల మీది ఫకీరును అడగకుండానే తీసి పదిమందికి పంపుతున్నారు. ఇతరుల ఇళ్లలోకి అనుమతి లేకుండా ప్రవేశించవద్దని సూరె నూర్‌లో ఆదేశం ఉంది. ఒక మనిషి ముఖం, అతని పేదరికం, అతని దుఃఖం కూడా అతని ఇంటి వంటివే కదా! అందుకే ముందు సలాం చెప్పాలి, ఇజాజత్ అడగాలి. వద్దంటే ఫోన్ జేబులో పెట్టుకోవాలి. తీసిన ఫోటో అమానత్. దానిని మరొకరికి పంపాలంటే మళ్లీ అడగాలి.

ప్రాణాల సంగతి కూడా చెప్పక తప్పదు. 2011 అక్టోబరు నుంచి 2017 నవంబరు వరకు ప్రపంచంలో సెల్ఫీలు తీసుకుంటూ 259 మంది మరణించినట్లు 2018లో వెలువడిన ఒక అధ్యయనం లెక్క తేల్చింది. వారిలో ఎక్కువమంది మన దేశస్థులే. కారణాల్లో మొదటిది నీట మునగడం. వేసవిలో మంజీర ఎండినట్లే కనిపిస్తుంది, కాని ఇసుక తవ్విన గుంతల్లో లోతు పైకి తెలియదు. ఈత వచ్చిన పెద్దవారు ఒకరైనా వెంట లేనిదే పిల్లలను పంపవద్దు.

తల్లిదండ్రులారా! సాయంత్రం బిడ్డ తిరిగి వచ్చాక ఫోన్ లాక్కోకండి. పక్కన కూర్చోబెట్టుకుని ఆ రోజు తీసిన ఫోటోలు చూపించమనండి. ప్రతి ముఖం దగ్గర ఆగి, “బేటా, వీరిని అడిగావా?” అని ప్రశ్నించండి. ఆ ఒక్క ప్రశ్న అలవాటైతే మన పిల్లల చేతిలోని కెమెరా వల్ల ఎవరి పరువుకూ భంగం కలగదు.