వారానికో గంట... పెద్దలకు కొండంత అండ

పిల్లలు విశాఖలోనో, హైదరాబాద్‌లోనో, ఇంకా దూరంగానో ఉంటారు. ఊళ్లో కొబ్బరి చెట్లు, జీడితోట, పాత ఇల్లు. అందులో ఇద్దరు పెద్దవాళ్లు, కొన్నిచోట్ల ఒక్కరే. ‘మా దగ్గరకు వచ్చేయండి’ అని పిల్లలు పిలుస్తారు. ‘ఓపికున్నన్నాళ్లు ఇక్కడే ఉంటాం’ అన్నది పెద్దల మాట. పలాస, టెక్కలి, ఉద్దానం ఊళ్లలో ఇలాంటి ఇళ్లు కొత్త కాదు. ఆ మాట నిలబడాలంటే పక్కన ఒక మనిషి కావాలి. వారానికో గంట కేటాయిస్తే ఆ మనిషి మీరే కావచ్చు.

అయితే ఇక్కడ మంచి మనసుతో పాటు కొంత అవగాహనా అవసరం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా వేధిస్తోంది. స్పష్టమైన కారణం ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమవడంతో వైద్యం దగ్గరైంది. కానీ మిగతా రోజులన్నీ గడిచేది ఇంట్లోనే కదా!

ప్రేమతో చేసే పొరపాట్లు

* చూడటానికి వెళ్తూ కొబ్బరిబోండం తీసుకెళ్లడం మనకు అలవాటు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారిలో అది రక్తంలో పేరుకుపోయి గుండె లయ తప్పొచ్చు. డాక్టర్‌ను అడగకుండా ఇవ్వొద్దు.
* మోకాళ్ల నొప్పులంటే దుకాణం నుంచి మాత్ర తెచ్చివ్వకండి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి కిడ్నీలను మరింత దెబ్బతీస్తాయి.
* డయాలసిస్ చేయించుకునేవారు ఎన్ని నీళ్లు తాగాలో డాక్టర్ చెబుతారు. ‘బాగా తాగండి’ అని బలవంతపెట్టొద్దు.
* ఫిస్టులా ఉన్న చేతిని పట్టుకుని లేపొద్దు. ఆ చేతికి బీపీ చూడొద్దు, బరువులూ ఇవ్వొద్దు.

చేసిపెట్టడం కాదు... చేసుకోనివ్వడం

కాఫీ కలుపుకోగలిగే మామ్మకు రోజూ మీరే కలిపిస్తే, కొన్నాళ్లకు ఆమె ఆ పనీ మానేస్తుంది. బరువైన నీళ్ల బిందె మీరు మోయండి, పొయ్యి దగ్గర పని ఆమెకే వదిలేయండి. వారానికి సరిపడా మాత్రలను చీటీ ప్రకారం ఆమెతో కలిసి డబ్బాలో సర్దండి. రోజూ తీసి వేసుకునేది మాత్రం ఆమే. స్నానాలగదిలో జారకుండా రబ్బరు చాప, పట్టుకోవడానికి కడ్డీ, దారిలో రాత్రంతా వెలిగే చిన్న బల్బు ఉండేలా చూడండి. పిల్లల నంబర్లు, అంబులెన్స్ 108, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి.

నలుగురు కలిస్తే తేలిక

ఒక్కరే మొదలుపెడితే పండగకో, పరీక్షలకో ఆగిపోతుంది. కేరళలోని మలప్పురం జిల్లాలో మంచం పట్టిన రోగులను ఇరుగుపొరుగు వాలంటీర్లే వంతులవారీగా చూసివస్తుంటారు. మన వీధిలోనూ రిటైరైన టీచర్లు, డ్వాక్రా మహిళలు, కాలేజీ పిల్లలు కలిసి రోజులు పంచుకోవచ్చు. డయాలసిస్ అయ్యాక కొందరికి బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఆ రోజు ఇంటికి వచ్చే వేళకు ఒకరు ఉంటే చాలు. పింఛను డబ్బు, ఏటీఎం పిన్‌ జోలికి మాత్రం వెళ్లొద్దు.

కాళ్ల వాపు, ఆయాసం, మూత్రం తగ్గడం, మాట తడబడటం కనిపిస్తే వారం వంతు కోసం ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, పిల్లలకు ఫోన్ చేయండి.

మొదటిసారి ఏ పనీ పెట్టుకోకుండా వెళ్లండి. అరుగు మీద కూర్చుని, ‘ఈ వారం మీకు కష్టమనిపించిన పని ఏంటి?’ అని అడగండి. మీ సేవ అక్కడి నుంచే మొదలవుతుంది.