మడమ ఒప్పుకున్నంత దూరం

"ముప్పై ఎనిమిదేండ్లొచ్చినంక నీళ్లల్ల దునుకుడేందే పిల్లా?" అంది మా అత్తమ్మ. ఆ గొంతులో కోపం లేదు. జాలే ఎక్కువ. పక్కన మావారు పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. హైదరాబాదులో ఉండే మా చెల్లెలు ఫోన్ చేసి, నన్నడక్కుండానే నా పేరు ట్రయాథ్లాన్‌కి ఇచ్చేశానని చెప్పిన రోజు సంగతి ఇది.

ట్రయాథ్లాన్ అంటే ఏమీ లేదు. ఈత, సైకిలు, పరుగు ఒకదాని వెంట ఒకటి చెయ్యాలి. మధ్యలో గడియారం ఆగదు. తడిబట్టలతోనే సైకిలెక్కాలి. కరణం మల్లీశ్వరి కాంస్యం తెచ్చిన 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లోనే ఈ ఆట మొదటిసారి చేరింది. అక్కడ ఒకటిన్నర కిలోమీటర్లు ఈత, 40 కిలోమీటర్లు సైకిలు, 10 కిలోమీటర్లు పరుగు. మా చెన్నూరు లెక్కలో చెప్పాలంటే గోదావరిలో ఈది, మంచిర్యాల దాకా సైకిలు తొక్కి, అక్కణ్ణుంచి పరుగందుకోవడమన్నమాట. నేను వెళ్లింది అంతదానికి కాదులెండి. కొత్తవాళ్ల కోసం పెట్టిన చిన్నది. 400 మీటర్లు ఈత, 10 కిలోమీటర్లు సైకిలు, రెండున్నర కిలోమీటర్లు పరుగు.

ఈత నాకు కొత్త కాదు. గోదావరి ఉత్తరం వైపు పారే ఊరు మాది. అయితే నదిలో మమ్మల్ని మునగనిచ్చేవారే గానీ ఈదనిచ్చేవారు కాదు. ఈత నేర్పింది అమ్మమ్మగారి పొలంలో మోటబావి, నడుముకు కట్టిన తాడు. డిగ్రీ దాకా సైకిలూ తొక్కాను. పెళ్లయ్యాక రెండూ పోయాయి. ఎవరూ వద్దనలేదు, ఎవరూ అడగనూ లేదు.

అసలు చిక్కు మడమ దగ్గరుంది. కిందటేడు మా మరిది పెళ్లిలో నాలుగు రోజులు బండల మీద ఉత్తకాళ్లతో తిరిగాను. ఆ తర్వాత ఒళ్లు తగ్గాలని ఒక్కసారిగా రోజూ గంటసేపు వడివడిగా నడక మొదలెట్టాను. కొన్నాళ్లకు పొద్దున్నే మంచం దిగి కాలు కింద పెట్టగానే మడమలో మేకు దిగినట్టు నొప్పి. నాలుగడుగులు వేస్తే తగ్గేది. తగ్గుతుంది కదా అని ఊరుకున్నాను. వేడి ఇటుక మీద జిల్లేడాకు వేసి తొక్కాను. హాయిగా ఉండేది, తెల్లారితే మళ్లీ మేకు. ఇలా ఆరు నెలలు! ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే "నడక మానెయ్" అంటారని ఒక భయం. నొప్పిని ఓర్చుకోవడం మనకు పుట్టింటి నుంచే అలవాటు కదా, అదొకటి.

మంచిర్యాల డాక్టరమ్మ కాలు నొక్కి చూసి, "ఇన్నాళ్లేం చేశారు?" అంది. మడమ ఎముక నుంచి వేళ్ల దాకా పాదం అడుగున గట్టి నారపట్టీ లాంటిది ఉంటుందట. శక్తికి మించి పనిచెబితే అది దెబ్బతింటుంది. రాత్రంతా పట్టేసి, పొద్దున మొదటి అడుగుతో ఒక్కసారిగా సాగుతుంది, అందుకే ఆ పోటు. ప్లాంటర్ ఫేషియైటిస్ అని రాసిచ్చింది. మందులకన్నా పనులే ఎక్కువ చెప్పింది: పిక్కలూ పాదమూ రోజూ సాగదియ్యడం, ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసా మీద పాదం దొర్లించడం, ఇంట్లో కూడా మెత్తటి చెప్పులేసుకోవడం. చాలామందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుందనీ, కాకపోతే నెలలు పడుతుందనీ చెప్పింది. వంటింట్లో చెప్పులా అని అత్తమ్మ వారం రోజులు మూతి ముడిచింది. చివరికి వంటింటికంటూ వేరే జత కొని రాజీపడ్డాం.

"పరుగొద్దు. ఈతా సైకిలూ చేసుకోవచ్చు" అని కూడా డాక్టరమ్మ అంది. ఆ ముక్క నేను చెల్లెలికి చెప్పడమే పొరపాటు!

పేరిచ్చాక నిజంగానే భయమేసి, దెబ్బలు తగిలిన ఆటగత్తెల కథలు వెతికి చదివాను. మన నిజామాబాదు నిఖత్ జరీన్‌కి 2017లో భుజం జారితే ఆపరేషన్ అయి, ఏడాది పాటు బరికి దూరమైంది. 2022లో ప్రపంచ ఛాంపియన్. అదే ఏడాది పి.వి. సింధు బర్మింగ్‌హామ్‌లో ఎడమకాలి నొప్పితోనే ఆడి కామన్వెల్త్ బంగారం తెచ్చింది. ఆ గాయం మూలంగానే ప్రపంచ పోటీలకు వెళ్లలేక, మళ్లీ కోర్టులోకి 2023 జనవరిలో గానీ రాలేదు. బెర్ముడా అనే చిట్టి దీవి నుంచి వచ్చిన ఫ్లోరా డఫీ అయితే ట్రయాథ్లాన్ ఆటగత్తే. పాదం గాయంతో ఏడాదికి పైగా ఆగి, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఆ దేశానికి మొట్టమొదటి బంగారు పతకం తెచ్చింది. తర్వాత మోకాలు ఇబ్బంది పెట్టింది. 2024 పారిస్‌లో ఐదో స్థానం. వీళ్ల పతకాలకన్నా వీళ్లు ఆగిన నెలలే నాకు ఎక్కువ నచ్చాయి. మనం పండుగకో పెళ్లికో ఆగుతామా?

పోటీకి ముందు నెలన్నర అమ్మమ్మగారి బావిలోనూ, పాప సైకిలు మీదా సాధన చేశాను. మావారు గట్టున కూర్చుని, తాడు చేతిలో పట్టుకుని కాపలా. డాక్టరమ్మను మళ్లీ అడిగితే, "చివరిది నడవండి. పరుగెత్తితే మళ్లీ నా దగ్గరికే వస్తారు" అంది.

ఆ రోజు ఈత బాగానే సాగింది. తల నీళ్లపైన పెట్టి ఈదింది నేనొక్కదాన్నే. మా బావి పద్ధతి అది. ఒడ్డెక్కి తడిబట్టల మీదే చొక్కా తొడుక్కుని సైకిలు పట్టుకోబోతే, హెల్మెట్ బకిల్ పెట్టుకోకుండా సైకిలు ముట్టుకోకూడదని ఆపారు. మావారి బండి వెనక ఏనాడూ హెల్మెట్ పెట్టుకోని దాన్ని, సిగ్గేసింది. సైకిలు దిగాక కాళ్లు నావి కావనిపించింది. తొక్కడానికి అలవాటైన కాళ్లు నడకను మరిచిపోతాయి.

నడక మొదలెట్టాను. పిల్లలు రివ్వున దాటిపోతున్నారు. పక్కనున్నవాళ్లు చప్పట్లు కొడుతూ, "ఆంటీ, రన్! రన్!" అని ఒకటే అరుపులు. ఇంతమంది నా పేరు తెలియకపోయినా నా కోసం అరవడం అదే మొదటిసారి. ఆగలేకపోయాను. వంద అడుగులు పరుగెత్తాను. మేకు దిగింది. పళ్లు బిగించి మరో పది అడుగులు వేశాను. అప్పుడనిపించింది, ఆరు నెలలు నేను ఇంట్లో చేసింది సరిగ్గా ఇదే కదా అని. చెయ్యెత్తి "నాకు మడమ నొప్పి, నడుస్తాను" అని గట్టిగా, అందరికీ వినబడేలా చెప్పాను. చప్పట్లు కాసేపు ఆగి, మళ్లీ మొదలయ్యాయి. మిగతా దూరమంతా నడిచే వెళ్లాను. అందరికన్నా చివర వచ్చాను. నా ముందామెకూ నాకూ పదకొండు నిమిషాల తేడా.

ఇంటికొచ్చాక పాప మెడలో పతకం వేసుకుని వీధంతా తిరిగింది. అందరికీ ఇచ్చేదే అది అని చెప్పినా వినలేదు. ఆ పందెంలో నేను అరిచిన మాట గురించి రాత్రి భోజనాల దగ్గర చెబుతుంటే అత్తమ్మ మౌనంగా వింది. గిన్నెలు సర్దేటప్పుడు నా పక్కకొచ్చి మెల్లగా, "మూడేండ్ల సంది నాకూ మోకాలు గుంజుతాంది బిడ్డా. మెట్లు దిగుతాంటే పానం పోతది" అంది.

"మరి చెప్పలేదేంటి అత్తమ్మా?"

"ఎవలకు జెప్పాలె? నువ్వు జెప్పినవా?"

సోమవారం పొద్దున మంచిర్యాల బస్సెక్కాం. కండక్టరు మా ఇద్దరికీ జీరో టికెట్లు కొట్టాడు. నా మడమ ఇంకా పూర్తిగా తగ్గలేదు. కిటికీ పక్క సీటు అత్తమ్మకిచ్చాను, కాలు చాపుకోవడానికి.