ఇంట్లో లినక్స్, ఆఫీసులో విండోస్: అపోహలు – వాస్తవాలు

ఇంట్లో ఉబుంటు, మింట్ లాంటి లినక్స్ వాడుకునేవాళ్లకు ఆఫీసు సిస్టమ్‌తో కనెక్ట్ కావాలనగానే గుబులు మొదలవుతుంది. కొందరు ఆ ఒక్క పని కోసమే ల్యాప్‌టాప్‌లో మళ్లీ విండోస్ వేయిస్తారు. ఇంకొందరు ఎక్కడో చూసిన చిట్కా పట్టుకుని ఆఫీసు నెట్‌వర్క్‌కే ఎసరు పెడతారు. మొదటిది అనవసరం, రెండోది ప్రమాదం. లినక్స్ నుంచి కనెక్ట్ కావడం సులువే. జాగ్రత్తంతా మధ్యనున్న దారి విషయంలోనే పడాలి.

అపోహ: ఆఫీసులో విండోస్ ఉంటే ఇంట్లోనూ విండోసే ఉండాలి.

అక్కర్లేదు. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ ఆర్‌డీపీ అనే ప్రోటోకాల్ మీద నడుస్తుంది. దాని వివరాలను మైక్రోసాఫ్టే బహిరంగంగా ప్రచురించింది. 2009లో మొదలైన ఫ్రీఆర్‌డీపీ అనే ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టు ఆ ప్రోటోకాల్‌తో కనెక్ట్ అయ్యే పనిని లినక్స్‌లో చేసిపెడుతుంది. కమాండ్లు రానివాళ్లకు, దాన్నే లోపల వాడుకునే రెమ్మినా ఉంది. సిస్టమ్ అడ్రస్, యూజర్ నేమ్, పాస్‌వర్డ్, ఆఫీసు వాళ్లు చెబితే డొమైన్ పేరు ఇస్తే చాలు. పాత ట్యుటోరియళ్లలో కనిపించే ఆర్‌డెస్క్‌టాప్ జోలికి మాత్రం పోకండి, దాని ఆలనాపాలనా ఆగిపోయింది. అసలు షరతు అవతలి వైపు ఉంది. విండోస్ హోమ్ ఎడిషన్ ఇలాంటి కనెక్షన్లను తీసుకోదు. ప్రో, ఎంటర్‌ప్రైజ్ లాంటివి తీసుకుంటాయి, అదీ ఐటీ వాళ్లు అనుమతి ఆన్ చేస్తేనే.

అపోహ: రౌటర్‌లో ఆర్‌డీపీ వాడే 3389 పోర్ట్ తెరిస్తే సరిపోతుంది, పాస్‌వర్డ్ ఎలాగూ ఉందిగా.

చిన్న ఆఫీసుల్లో ఎక్కువ నష్టం తెచ్చేది ఈ నమ్మకమే. ఇంటర్నెట్‌కు తెరిచిన 3389 పోర్టుల కోసం ఆటోమేటిక్ స్కానర్లు రాత్రీ పగలూ వెతుకుతూనే ఉంటాయి. దొరికినచోట పాస్‌వర్డ్‌లు వరసబెట్టి ప్రయత్నిస్తాయి. పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా ఒక్కోసారి అక్కరకు రాదు. 2019 మే నెలలో బయటపడ్డ బ్లూకీప్ లోపం అలాంటిదే. విండోస్ 7, సర్వర్ 2008 వంటి పాత వెర్షన్లలోకి, లాగిన్ కాకుండానే చొరబడే వీలు అది ఇచ్చింది. 2014లోనే సపోర్ట్ ఆపేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ విడుదల చేసిందంటే తీవ్రత ఎంతో ఊహించుకోండి. పోర్ట్ నంబర్ మార్చినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. స్కానర్లు మిగతా నంబర్లనూ తట్టి చూస్తాయి.

సరైన దారులు మూడు: వీపీఎన్, రిమోట్ డెస్క్‌టాప్ గేట్‌వే, ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్. మూడూ లినక్స్‌లో పనిచేస్తాయి. వీపీఎన్‌లలో ఒకటైన వైర్‌గార్డ్ 2020లో వచ్చిన 5.6 వెర్షన్ నుంచి లినక్స్ కెర్నెల్‌లోనే భాగం. సిస్కో ఎనీకనెక్ట్, గ్లోబల్‌ప్రొటెక్ట్ వీపీఎన్‌లు వాడే ఆఫీసులకు ఓపెన్‌కనెక్ట్ ఉంది. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ నుంచే రావాలని నిబంధన ఉంటే మాత్రం ఐటీ వాళ్లను అడగాల్సిందే. అడగకుండా ఆఫీసు సిస్టమ్‌లో ఇంకో రిమోట్ సాఫ్ట్‌వేర్ దొంగచాటుగా వేయడం కన్నా, ఆ రోజుకు పని ఆగిపోవడమే నయం.

అపోహ: సర్టిఫికెట్ హెచ్చరిక వస్తే చూడకుండా ‘ఎస్’ కొట్టేయొచ్చు.

మొదటిసారి హెచ్చరిక రావడం సహజం. విండోస్ తన సర్టిఫికెట్‌ను తానే తయారుచేసుకుంటుంది, ఆరు నెలలకోసారి మారుస్తుంది కూడా. కానీ హెచ్చరికలో కనిపించే, సర్టిఫికెట్ వేలిముద్రలాంటి అంకెల వరసను ఐటీ వాళ్లకు ఫోన్ చేసి సరిచూసుకోవడానికి రెండు నిమిషాలు పట్టదు. నడుమ ఎవరో దూరి మీ పాస్‌వర్డ్ కాజేయాలని చూసినా మీకు కనిపించేది ఇదే హెచ్చరిక.

అపోహ: మనం ఇంట్లోంచి చేసేదంతా ఆఫీసు మానిటర్ మీద అందరికీ కనబడుతుంది.

ఆర్‌డీపీలో అయితే కనబడదు, అక్కడి తెర లాక్ అయిపోతుంది. వీఎన్‌సీ తరహా సాఫ్ట్‌వేర్‌తో వెళ్తే మాత్రం మామూలుగా కనబడుతుంది. జీతాల పట్టికలు తెరిచేవాళ్లకు ఈ తేడా తెలిసి ఉండాలి.

అపోహ: లినక్స్ నుంచి వెళ్తే ఆఫీసు సిస్టమ్‌లో తెలుగు టైప్ చేయలేం.

చేయగలం, లేఅవుట్ మార్చాల్సిన చోటు వేరు. ఇక్కడ ఇన్‌స్క్రిప్ట్ తెలుగు లేఅవుట్ పెట్టుకుని ‘క’ కోసం కే మీట నొక్కితే, అక్కడి వర్డ్ ఫైల్లో ఇంగ్లీషు కే అక్షరం పడుతుంది. ఎందుకంటే ఆర్‌డీపీ మామూలుగా అక్షరాన్ని పంపదు, ఏ మీట నొక్కారో ఆ సంకేతాన్నే పంపుతుంది. దాన్ని అక్షరంగా మార్చేది అవతలి విండోస్. అందుకే తెలుగు కీబోర్డును ఆ విండోస్ సెట్టింగుల్లో చేర్చుకోవాలి. అక్కడ భాష మార్చడానికి విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే మీ లినక్స్ మధ్యలోనే అందుకోవచ్చు. రెమ్మినా టూల్‌బార్‌లో కీబోర్డును పూర్తిగా అటువైపు మళ్లించే బటన్ ఉంది, అది ఆన్ చేసుకోండి.

అపోహ: విండో మూసేస్తే లాగౌట్ అయినట్టే.

కాదు. కనెక్షన్ తెగుతుందంతే. తెరిచిన ఫైళ్లు తెరిచినట్టే ఉంటాయి, నడుస్తున్న రిపోర్టు నడుస్తూనే ఉంటుంది. కరెంటు పోయి ఇంట్లో నెట్ ఆగినప్పుడు ఇది పెద్ద ఊరట. పలువురు వాడే సర్వర్ అయితే పని అయ్యాక సైనౌట్ చేయాలి. అలవాటు కొద్దీ షట్‌డౌన్ మాత్రం నొక్కకండి. నెట్‌వర్క్ ద్వారా సిస్టమ్‌ను ఆన్ చేసే వేక్ ఆన్ ల్యాన్ ముందే అమర్చి ఉంటే తప్ప, ఆఫీసుకు ఎవరో ఒకరు వెళ్లి పవర్ బటన్ నొక్కేదాకా ఆ సిస్టమ్ మీకు దొరకదు.